సముద్రం మోత ఎంత దూరం వినబడుతుంది

ఆ ప్రయాణం మాట ఎవరెత్తినా నాకు ముందు నా నడుమే గుర్తొస్తుంది. చంద్రపూర్ నుంచి కొంకణ్ తీరం దాకా పాత జీపులో, ఆషాఢం వానల్లో, రెండున్నర రోజులు. సీటు కింద స్ప్రింగులు ఎప్పుడో పని మానేశాయి. టార్పాలిన్ కప్పుకు సరిగ్గా నా తల మీదే చిల్లు. యవత్మాళ్ దాటకముందే నా చొక్కా తడిసింది, మళ్ళీ ఆరింది ఇంటికొచ్చాకే. బుద్ధున్నవాడెవడూ ఆ నెలలో సముద్రం చూడటానికి పోడు. మేం ముగ్గురం పోయాం.

పోవడానికి కారణం నా స్నేహితుడు. ఇద్దరం ఒకే కాలనీలో పుట్టి పెరిగాం. మా నాన్నలు కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి బొగ్గుబాయిల్లో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మరాఠీ బడిలో నాలుగు అక్షరాలు ఎక్కువ నేర్చుకున్నానని నన్ను గని ఆఫీసులో హాజరీ గుమాస్తాగా కూర్చోబెట్టారు. వాడు లోపలికి దిగాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లు మిషను పట్టుకుని ఇరవై రెండేళ్ళు దిగాడు. మేం తిరిగొచ్చిన మూడో రోజున వాడు మెడికల్ బోర్డు ముందు నిలబడాలి.

ఆ బోర్డు సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. పని చేయలేని స్థితికి వచ్చాడని ముగ్గురు డాక్టర్లు కలిసి ఒక మనిషిని అన్‌ఫిట్ అని రాస్తే, అప్పట్లో అతని కొడుక్కి అదే గనిలో పర్మనెంటు కొలువిచ్చేవారు. అందుకని కొడుక్కి మీసాలు రాగానే తండ్రికి మోకాళ్ళ నొప్పులు రావడం మా కాలనీలో మామూలు విషయం. తప్పే. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ అవి తొంభైల మొదటి సంవత్సరాలు. పేపర్లలో రోజూ కొత్త ఆర్థిక విధానం గురించే. మనుషులను తగ్గిస్తారట, ఇకమీదట అన్నీ కాంట్రాక్టు పనులేనట, కొడుకుల కొలువులు ఈ ఏడాదితో బందట, ఇవే మాటలు. కాలనీ ఇళ్ళ మీద డిష్ యాంటెన్నాలు లేస్తున్నాయి, లోపల బీఏ పాసైన పిల్లలు ఖాళీగా కూర్చుంటున్నారు. నా స్నేహితుడి కొడుకు కూడా బీఏనే. చంద్రపూర్‌లోనే తుకుం పేటలో ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చునేవాడు. ఈ బోర్డులో తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ పిల్లవాడి బతుకు ఒడ్డున పడుతుంది. కాకపోతే ఇంకో బోర్డు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు.

ఈ విద్యలో మా గనికంతా నేనే గురువుని. ఫైళ్ళు నా చేతుల మీదుగా పోతాయి కాబట్టి ఏ డాక్టరు ఏం అడుగుతాడో నాకు తెలుసు. ఎవరికి నడుము, ఎవరికి చూపు, ఎవరికి ఆయాసం అని మనిషిని చూడగానే చెప్పేవాణ్ని. వీడికి చెవుడు ఖాయం చేశాను. డ్రిల్లు పట్టినవాడికి చెవుడంటే ఎవరైనా నమ్ముతారు. వీడు వద్దనలేదు, ఊఁ అనలేదు, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. బోర్డుకు ఇంకా మూడు నెలలుంది, ఆ రోజు నుంచే శిక్షణ మొదలుపెట్టాను. వెనక నుంచి ఎవడు పిలిచినా పలకొద్దు. ఎదుట నిలబడి మాట్లాడితే తప్ప జవాబివ్వొద్దు. ఇంట్లో కూడా అంతే, అలవాటు కావాలి. ఒకసారి తుకుంలో చాయ్ కొట్టు దగ్గర వాడి వెనకాల ఒక పెద్ద అల్యూమినియం పళ్ళేన్ని దభీమని కింద పడేయించాను. కొట్లో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. ఒకతని చాయ్ ఒలికింది. వీడు మాత్రం కనురెప్ప కదపకుండా సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు. నేను వీపు మీద ఒకటి చరిచి, "శభాష్! నువ్వు బాయిల ఉండాల్సినోనివి కాదురా, నాటకాలల్ల ఉండాల్సినోనివి" అన్నాను. వాడు నవ్వాడు. నాకెంత గర్వంగా ఉండిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

సముద్రం మాట తీసింది వాడే. మాతో మూడో మనిషి ఒకడుండేవాడు, జివతి గుట్టల్లో సేద్యం చేసుకునే తెలుగు ఇంటివాడు, ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో సొంత జీపు తిప్పేవాడు. మాకంటే పదేళ్ళు చిన్న. ఒకసారి ఎవరినో దించడానికి రత్నాగిరి దాకా పోయొచ్చి ఏడాది పొడుగునా ఆ కబుర్లే చెప్పాడు. ఒక సాయంత్రం నా స్నేహితుడు అతని ఎదురుగా కూర్చుని అడిగాడు:

"సముద్రం మోత ఎంత దూరం ఇనవడ్తది తమ్మీ?"

"అరే, ఏమడుగుతున్నవన్నా! రెండు కిలోమీటర్ల నుంచే ఇనవడ్తది. దగ్గరికి పోతే చెవులు పగుల్తయి. ఎంత చెవిటోడైనా ఇంటడు."

"అయితే బోర్డుకు ముందే ఒకసారి పోయొద్దాం పా" అన్నాడు వీడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడా? వానలల్ల? డ్యూటీలు చేసి చేసి ఒళ్ళు హూనమైతుంది, మనకు సముద్రం కావల్నా?" అన్నాను. వాడు వినలేదు. ఇరవై రెండేళ్ళుగా భూమి లోపలికే దిగుతున్నాను, ఒక్కసారి దాని అంచు చూస్తాను అన్నాడు. జీపువాడికి షికారంటే చాలు. ఇద్దరి పోరు పడలేక సెలవు చీటీ రాశాను.

దారి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నాందేడ్ దగ్గర టైరు పంక్చరు. లాతూర్ దగ్గర వైపరు ఊడిపోయింది, జీపువాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గుడ్డతో అద్దం తుడుస్తూ నడిపాడు. సోలాపూర్ లాడ్జిలో పరుపు మీద పడుకుంటే జీపే నయమనిపించింది. నా స్నేహితుడు డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. వెనక నుంచి నేను, "అరే, బీడీ ఉన్నదా?" అంటే పలకడు. "అరే మొద్దూ!" అంటే పలకడు. జీపువాడు తిట్లు లంకించుకుని చూశాడు, వాడి పెళ్ళాం వండే పప్పును కూడా వదల్లేదు. అయినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మస్తు తయారు చేసినవన్నా ఇతన్ని" అన్నాడు జీపువాడు.

"మరేమనుకున్నవ్? మన చేతి పని" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ రెండు రోజుల్లో నేను నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

కొల్హాపూర్ దాటి ఘాట్ రోడ్డు దిగుతుంటే ముందున్న రోడ్డే కనపడలేదు. మబ్బులు వచ్చి జీపులోనే కూర్చున్నాయి. మూడో రోజు మధ్యాహ్నానికి రత్నాగిరి దాటి సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు చేరాం. జంభా అనే ఎర్ర రాయితో కట్టిన గోడలు, వాటి మీద పచ్చగా పాకుడు. పడవలన్నీ ఒడ్డుకు లాగి కొబ్బరాకులు కప్పి పెట్టారు. ఒక ముసలావిడ ఖానావళి ఉంది, అక్కడే భోజనం, అక్కడే పడక. ఆమె మమ్మల్ని కిందా మీదా చూసి, వానాకాలంలో మా ఊరి వాళ్ళే సముద్రం మొహం చూడరు, మీరెవరు నాయనా అని మరాఠీలో అడిగింది. బొగ్గు గని వాళ్ళమని చెప్పాను. అయితే సరేలే అన్నట్టు తల ఊపి బియ్యం కడగడానికి పోయింది.

మోత మాత్రం అక్కడిదాకా వస్తూనే ఉంది. జీపువాడు చెప్పింది అబద్ధం కాదు. ఇంటి వెనక ఎవరో బొగ్గు లారీలు ఒకదాని తర్వాత ఒకటి గుమ్మరిస్తున్నట్టు ఆగకుండా వినబడుతోంది. అలసటతో నాకు తల దిమ్మెక్కింది. నా స్నేహితుడు అరుగు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మోత వచ్చే వైపు కాకుండా మా మొహాల వైపు చూస్తున్నాడు. "ఎట్లున్నది?" అని ఎదురుగా పోయి అడిగాను. "ఇంకా దగ్గరికి పోవాలె" అన్నాడు. వాన ఆగేలా లేదు, పొద్దున పోదామన్నాను.

పొద్దున వాన ఆగింది కానీ సముద్రం కనపడలేదు. మబ్బు నేల మీదకు దిగి కూర్చుంది. ఇసుక కొంచెమే. అంతా నల్లరాయి, గరుకుగా, అంచులు కోసుకుపోయి ఉంది. ఆ రాళ్ళ మీద అలలు విరిగినప్పుడు తెల్లగా పైకి లేచేది, అంతవరకే కంటికి తెలిసేది. నేను ఒక ఎత్తైన రాయి చూసుకుని కూలబడ్డాను. ఇన్ని మైళ్ళు వచ్చింది ఈ పొగ చూడటానికా అని తిట్టుకుంటున్నాను. జీపువాడు నా పక్కన నిలబడి బీడీ వెలిగించడానికి తంటాలు పడుతున్నాడు. నా స్నేహితుడు చెప్పులు విప్పి, రాళ్ళ మీద అడుగులో అడుగేస్తూ ముందుకు పోయాడు. పోతూనే ఉన్నాడు.

మా వెనక నుంచి ఖానావళి ముసలావిడ కేకలు వేసింది. పొయ్యిలోకి కొబ్బరి మట్టలు ఏరుకోవడానికి వచ్చినట్టుంది. "మాగే యా! మాగే యా!" అని చేతులూపుతోంది, వెనక్కి రమ్మని. నేను లేచి నిలబడి చూస్తే, వాడు రాతి అంచు దాకా పోయాడు. "అరే, ఎన్కకు రా!" అని అరిచాను. కదల్లేదు. "ఒరేయ్!" అని మళ్ళీ అరిచాను. వీపు అట్లాగే మా వైపు.

దేవుడి మీద ఒట్టు, ఆ క్షణంలో నాకు కోపమే వచ్చింది, భయం రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "చాలు తియ్యిరా నీ నాటకం! గీడ ఏ డాక్టర్ ఉన్నడు చూడనీకి?" అన్నాను. జీపువాడు పకపకా నవ్వాడు. మేం నవ్వుతుండగానే ఆ మబ్బులోంచి నల్లటి నీటి గోడ ఒకటి లేచి వాడి మీద విరిగింది.

తెల్లటి నురగ తప్ప ఇంకేమీ లేదు. తర్వాత నీళ్ళు వెనక్కి పోతుంటే, వాడు రాళ్ళ మధ్య చీలికలో బోర్లా పడి, రెండు చేతులతో రాయిని కరుచుకుని కనిపించాడు. జీపువాడు నాకంటే ముందు పరుగెత్తాడు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని, జారుతూ, పడుతూ, ఇంకో అల వచ్చేలోపు వాణ్ని మీదికి లాగాం. మోకాళ్ళు రెండూ చీరుకుపోయాయి. గడ్డం కింద నెత్తురు. నోటికొచ్చినట్టు తిట్టాను. చచ్చేటోనివి గదరా, నీ పెండ్లానికి ఏం మొహం చూపెట్టేటోన్ని, కొడుకు కొలువు కోసం సముద్రంల పడి సస్తవా, పిలిస్తే పలుకొద్దని చెప్పిన గానీ ప్రాణం పొయ్యేటప్పుడు కూడ పలుకొద్దని చెప్పిన్నా, అని వాడి చొక్కా పిండుతూ, తల వంచుకుని తిడుతూనే ఉన్నాను.

వాడు నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు.

"మీదికి చూసి చెప్పురా. నీ నోరు కనవడ్త లేదు" అన్నాడు.

జీపువాడు నా వైపు చూశాడు. నాకు తుకుం చాయ్ కొట్టు, కింద పడ్డ పళ్ళెం, ఒలికిన చాయ్ అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. శభాష్ అన్న నా మాట కూడా.

ముసలావిడ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పసుపూ కొబ్బరినూనే కలిపి వాడి మోకాళ్ళకు రాసింది. చెవిటివాడా అని నన్నడిగింది. మూడు నెలలుగా నేను చూడలేనిది ఆమె ఒక్క పూటలో చూసింది. అవునని తల ఊపాను. ఆ తర్వాత వాడి ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదుపుతూ అడిగాను.

"ఎప్పటి నుంచి?"

"నాలుగేండ్లాయె. మొదలు గడియారం అలారం పోయింది. తర్వాత మా ఇంటిది వంటింట్లకెల్లి పిలుసుడు పోయింది. ఇప్పుడు చెవులల్ల ఒక్కటే సీటీ మోత, రాత్రి పగలు. మనిషి ముందట ఉంటె నోరు చూసి సమజ్ చేసుకుంట."

"ఇంట్ల తెల్వదా?"

"పొగరు అనుకుంటది. తిడ్తది. తిట్టేది కనవడ్తది గద" అని నవ్వాడు. "నువ్వు చెవుడు నేర్పుత అన్న తర్వాత నాకు పానం తెరిపిన పడ్డది. అందరి ముందట చెవిటోని లెక్కనే ఉండొచ్చు. ఎవ్వలకు అనుమానం రాదు."

"అరే పిచ్చోడా, నిజంగ ఉంటె దాసుడెందుకు? చెప్పుకుంటె అయిపోయె గద?"

వాడు పొయ్యిలోకి ఒక కొబ్బరి మట్ట తోశాడు.

"మా పిలగానికి కూడ డ్రిల్లే ఇస్తరు" అన్నాడు. "నాకు ఇది బాయిలనే అయిందని వాళ్ళమ్మకు తెలిస్తే పిలగాన్ని దిగనియ్యది. వాడే దిగడు. వాడు దిగకపోతే ఇంకేమున్నది? ఎస్టీడీ బూత్‌ల ముసలోడైతడు. అందుకే అందరు నేను యాక్టింగ్ చేస్తున్న అనే అనుకోవాలె. నువ్వు మాటియ్యి."

జీపువాడు ఊరుకోలేకపోయాడు. వాడి ముందుకు జరిగి, "ఆ పిలగానికి చెప్పాలె అన్నా. రేపు వానికి కూడ గిట్లనే అయితె?" అన్నాడు.

"నీ సిమెంటు కాలనీల పర్మనెంటు కొలువు ఇప్పిస్తవా?"

అక్కడ కొత్తవాళ్ళందరూ కాంట్రాక్టు కూలీలే, ఈ నెల ఉంటే వచ్చే నెల లేదు.

"పైన చేస్తె రోజుకూలి, కింద చేస్తె కొలువు" అన్నాడు నా స్నేహితుడు. "చెవులల్ల పత్తి పెట్టుకొమ్మని చెప్త. అంతకంటే నా చేతుల ఏమున్నది?" చెయ్యి ముందుకు చాపాడు. నేను మాటిచ్చాను. అప్పుడంత అలసటగా ఉండింది, వద్దని వాదించే ఓపిక నాకు లేదు. అది సాకేనని తెలుసు. అయినా నిజం.

చివరికి, ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగాను. నాకు అప్పటికే తెలుసు, అయినా అడిగాను.

"ఎంత చెవిటోడైనా ఇంటడన్నడు గద తమ్ముడు. గీడన్న ఇనవడ్తదేమో అనుకున్న" అన్నాడు.

"ఏమన్న ఇనవడ్డదా?"

"లేదు. అరికాళ్ళకు తెలిసింది. చెవులకు రాలే."

జీపువాడు లేచి బయటికి పోయాడు. బానెట్ ఎత్తి, ఇంజన్‌లో పని ఉన్నట్టు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఒకచోట వాడికి బీడీ కావలసి వచ్చి వెనక్కి తిరిగాడు. నేను అప్పటిదాకా వాడి మెడ వైపే చూస్తున్నాను. అదివరకు ఎన్నిసార్లు ఆ మెడను చూసి నవ్వానో లెక్కలేదు. బీడీ వెలిగించి ఇచ్చాను. యవత్మాళ్ దగ్గర మళ్ళీ వాన పట్టుకుంది.

బోర్డు రోజున ఫైళ్ళు పట్టుకుని ఆసుపత్రి వరండాలో నేనూ కూర్చున్నాను. ఎన్నిసార్లు కూర్చోలేదు ఆ బెంచీ మీద! కానీ ఆ రోజు పడ్డంత భయం ఎప్పుడూ పడలేదు. అబద్ధం చెప్పేవాణ్ని ఎట్లా గట్టెక్కించాలో నాకు తెలుసు. నిజం చెప్పేవాణ్ని ఎట్లా గట్టెక్కించాలో తెలియదు. డాక్టర్లు నాలాంటి గురువుల శిష్యులను వందమందిని చూసినవాళ్ళు. మేం రాళ్ళ మీద నిలబడి నవ్వినట్టే వాళ్ళూ నవ్వి, నాటకం చాలు పో అని ఫిట్ రాసి పంపితే? లోపల ఏదో బల్ల మీద గట్టిగా కొట్టిన చప్పుడు వినిపించింది. నేను బెంచీ మీద ఎగిరిపడ్డాను. చెవులకు మిషను పెట్టి చూశారట. చాలాసేపు పట్టింది. వాడు బయటికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడ్డ కాంపౌండరు నా వైపు చూసి కన్నుకొట్టాడు. అన్‌ఫిట్.

ఆ సాయంత్రం వాడి ఇల్లు జనంతో నిండిపోయింది. పేడాల డబ్బా చేతులు మారుతోంది. వచ్చినవాడల్లా వాడి భుజం తట్టి, "ఏం యాక్టింగ్ చేసినవయ్యా, డాక్టర్లనే బోల్తా కొట్టిచ్చినవ్!" అంటున్నాడు. వాడు ఒక్కొక్కరి మూతి వైపు చూసి తల ఊపుతున్నాడు. కొడుకు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. "మీ దయ కాకా. మీరు నేర్పకపోతే నాయినకు ఏడ చాతనయ్యేది?" అన్నాడు. ఎప్పుడు చేరాలో, మొదట ఏ పని ఇస్తారో అడిగాడు. ఏదో చెప్పాను. గోడవారగా నిలబడ్డ జీపువాడు పేడా తినకుండా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి, వాడి వీపు వెనక నుంచి, పెళ్ళాం పిలిచింది.

"ఓ, ఇనవడ్తుందా? అయిపోయింది గద బోర్డు! ఇగనన్న పలుకు!"

వాడు తిరగలేదు. పేడా తుంచి పక్కింటి పిల్ల నోట్లో పెడుతున్నాడు. ఆమె ఇంకా గట్టిగా పిలిచింది. చేతిలో ఉన్న గరిటెతో తలుపు మీద కొట్టింది. వాడు తిరగలేదు.

"చూసిండ్రా, చూసిండ్రా! ఇంకా ఇడుస్త లేడు!" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇల్లంతా గొల్లుమంది. కొడుకు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆమె నవ్వు ఆపి, నా ఒక్కడి మొహం వైపే చూసింది.

మాటిచ్చాను కదా. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. నా నోరు అంతగా తెరుచుకోవడం చూసి, ఎందుకో తెలియకుండానే, వాడూ నవ్వాడు.